పలుచని జావ, చిక్కని జావ



ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి చేరువలో ఉన్న సిరోంచ, గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు అంచు. పాలన మరాఠీలో సాగినా అక్కడి ఇళ్ళలో తెలుగు మెండుగా వినిపిస్తుంది. ఆ సరిహద్దు పల్లెల నుండి పనుల కోసం నగరాలకు వచ్చిన కుటుంబాలలో, ఆరు నెలలు నిండిన పసిబిడ్డ ఏమి తింటున్నదన్నదే నేటి ప్రసంగ విషయం.

శిశుసంరక్షణలో గడ్చిరోలి దేశానికి దారి చూపిన జిల్లా. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ నెలకొల్పిన ‘సర్చ్’ సంస్థ 39 గ్రామాలలో ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, నవజాత శిశువులకు ఇంటివద్దనే సంరక్షణ కల్పించింది. మూడవ ఏటికి ఆ మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. అయితే మొదటి నెల గండం గడిచిన బిడ్డకు ఆరవ నెల తరువాత మరొకటి ఎదురవుతుంది. అప్పటినుండి తల్లిపాలు కొనసాగాలి గాని, అవి మాత్రమే చాలవు.

ఆ వయసులో తరచుగా పెట్టేది గంజినీళ్ళు లేదా పలుచని జావ. బిడ్డ పొట్ట చిన్నది. నీటితో నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, బలం మాత్రం చేరదు. పేదరికం కాదనలేని నిజం. కాని ఉన్న గుప్పెడు గింజల సారం కూడా నీటిలో పలచబడిపోతున్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ‘హైదరాబాద్ మిక్స్’ ఇందుకు చక్కని మార్గం. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేయించిన పల్లీలు 10, బెల్లం 20. ఈ 86 గ్రాములలో 330 కిలోకేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు లభిస్తాయి. ఇందులో వీధి చివరి కిరాణా దుకాణంలో దొరకనిది ఒక్కటీ లేదు. పల్లీలను మెత్తగా పొడిచేయాలి; గింజగా పెడితే గొంతుకు అడ్డుపడుతుంది.

చిక్కగా కాస్తే బిడ్డ మింగలేదన్న సందేహం న్యాయమైనదే. దానికి మొలకల పిండి ఉన్నది. రాగులనో గోధుమలనో నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి, పచ్చివాసన పోయేంతవరకే వేయించి విసరాలి. ఉడికిన చిక్కని జావలో ఒక చెంచా కలిపితే, నీళ్ళు పోయకుండానే అది కొద్ది నిమిషాలలో జారుగా మారుతుంది. మరొక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టవచ్చు. మొలకలు కట్టడం మన అమ్మమ్మలకు కొత్త విద్యేమీ కాదు.

రేషను బియ్యంలో కాస్త వేరుగా కనిపించే గింజలను ప్లాస్టిక్ అనుకొని ఏరి పారవేయడం విచారకరం. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు. నూటికి ఒకటి చొప్పున కలిపినవి. సికిల్ సెల్ వ్యాధి ఉన్న బిడ్డకైతే వైద్యుని అడిగి పెట్టాలి.

ఊరు మారినంత మాత్రాన అంగన్‌వాడీ హక్కు పోదు. ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు బిడ్డకు రోజుకు 500 కిలోకేలరీలు, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చే ఆహారం అందాలని 2013 ఆహార భద్రతా చట్టం మొదట నిర్దేశించింది; ఆ కొలతలను 2023లో సవరించారు. ఆ పొట్లం ఇంటిల్లిపాదికీ పంపకమైతే పసిబిడ్డ వాటా మిగలదు. అక్కడే జబ్బ చుట్టుకొలత కూడా చూస్తారు. అది 11.5 సెంటీమీటర్లకు తగ్గినా, రెండు పాదాలూ వాచినా ఇంటి జావతో కాలయాపన చేయక, ఆ రోజే బిడ్డను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.