వైద్యానికి ఆధారం వెతకడం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రశ్నలు

పరిశోధనల్లో దొరికే మేలైన ఆధారాన్ని, వైద్యుని అనుభవాన్ని, రోగి ఇష్టాయిష్టాలను కలిపి చూసి చికిత్సను నిర్ణయించడాన్ని ఆధార సహిత వైద్యం అంటారు. 1996లో డేవిడ్ శాకెట్, ఆయన సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇచ్చిన వివరణ సారాంశం ఇదే. వీటిలో మొదటిదాన్ని వెతికి పట్టుకునే తీరే ఈ ఉపన్యాస విషయం. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనందున ఈ నేర్పు ఇక్కడి విద్యార్థులకు నిత్యావసరమైంది.

వెతుకులాట చెడేది చాలావరకు ప్రశ్న దగ్గరే. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు కాగా దేశం మొత్తం మీద అవి 21.5 శాతమే. ఇంత తేడా ఎందుకన్నది మంచి చర్చే గాని, ఏ గ్రంథాలయమూ దానికి ఒక్క మాటలో జవాబివ్వదు. పురిటి నొప్పులతో వచ్చిన స్త్రీకి ఎడతెగకుండా ఒకరు తోడుంటే, మామూలు సంరక్షణతో పోలిస్తే, సిజేరియన్ అవసరం తగ్గుతుందా అని అడిగితే మాత్రం ప్రశ్నలో రోగి, చర్య, పోలిక, ఫలితం అనే నాలుగు భాగాలూ కుదురుతాయి. ఈ అమరికకే పికో అని పేరు.

దీనికి జవాబు కాక్రేన్ గ్రంథాలయంలోని 2017 నాటి క్రమబద్ధ సమీక్షలో ఉంది. ఒకే ప్రశ్న మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ ముందే రాసుకున్న నియమాల ప్రకారం వెతికి, వడపోసి, కలిపి లెక్కించేదే క్రమబద్ధ సమీక్ష. 24 ప్రయోగాల్లోని 15 వేల మందికి పైగా స్త్రీల వివరాలను కలిపితే, తోడు ఉన్నవారిలో సిజేరియన్లు సుమారు 25 శాతం తగ్గాయి. అంటే వందమందిలో 25 మందికి ఆపరేషన్ తప్పిందని కాదు, జరగవలసిన ఆపరేషన్లలో నాలుగో వంతు తగ్గాయని అర్థం. ఈ ఆధారం నాణ్యత తక్కువేనని సమీక్షకులే రాశారు. పత్రికల్లో శీర్షికలకెక్కనిది సరిగ్గా ఈ మాటే. పైగా ఆ ప్రయోగాలన్నీ నొప్పుల్లో ఉన్నవారి మీద జరిగినవి కాబట్టి, నొప్పులు రాకముందే ముహూర్తం చూసి చేయించుకునే ఆపరేషన్లకు ఈ లెక్క వర్తించదు.

అలాంటి సమీక్ష దొరకనప్పుడు విడి వ్యాసాలను వెతకాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఉచితంగా నడిపే పబ్‌మెడ్‌లో వ్యాసాలకు మెష్ అనే నిర్ణీత విషయ పదాలు తగిలించి ఉంటాయి. ఒకే భావానికున్న వేర్వేరు పదాలను ‘ఆర్’తోను, వేర్వేరు భావాలను ‘ఆండ్’తోను కలపాలి. కోరుట్ల బీడీ కార్మికుల మెడనొప్పి గురించి వెతికేవారు ఇంగ్లీషులో ‘బీడీ’కి ఉన్న రెండు స్పెల్లింగులనూ ఇవ్వకపోతే సగం వ్యాసాలు జారిపోవచ్చు. ఊరి పేరుతోనూ ఇదే చిక్కు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడు పట్టణాలూ కరీంనగర్ జిల్లాలోవే, 2014 జూన్ 2కు ముందు ఆ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది. పాత వ్యాసాలు ఆ పేర్లతోనే ఉంటాయి గనుక, జగిత్యాల అని మాత్రమే వెతికి ఏమీ లేదని తేల్చడం తొందరపాటు.

దొరికిన ఆధారం ఇక్కడికి అతుకుతుందా అన్న పరీక్షకు సిరిసిల్ల మంచి ఉదాహరణ. నేత కార్మికుల ఊపిరితిత్తుల గురించి వెతికితే ముందుగా ఎదురయ్యేది బిసినోసిస్: పత్తి ధూళి వల్ల వచ్చే ఈ జబ్బులో సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ బిగుసుకుంటుంది. కాని సిరిసిల్ల సాంచెల (పవర్‌లూమ్‌ల) మీద నేసేది ఎక్కువగా పాలిస్టర్ గుడ్డ. నూలు మిల్లుల లెక్కలను తెచ్చి ఇక్కడి కార్మికునికి చెప్పడం కుదరదు. చప్పుడు సంగతి వేరు. దారం ఏదైనా సాంచె మోత మోతే కనుక, భివండీ వంటి చోట పవర్‌లూమ్ కార్మికుల వినికిడిపై జరిగిన అధ్యయనం దొరికితే అది ఇక్కడికి చాలా దగ్గర. అప్పుడు చూడవలసినవి షెడ్డులో సాంచెలెన్ని, పాళీ ఎన్ని గంటలు, వినికిడిని ఆడియోమీటరుతో కొలిచారా లేక కార్మికుణ్ణి అడిగి రాసుకున్నారా అన్నవే.