విద్యార్థుల మనోధైర్యము - తోడివారి పాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రామపు పద్దులు వ్రాసికొను నాకు మనశ్శాస్త్రమున ప్రవేశము లేదు. రామాయణము మాత్రము ఈ గ్రంథాలయపు బల్లపైననే చదువుకొంటిని. కిష్కింధాకాండలో అంగదుని వృత్తాంతము కలదు. సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటినది. సీత జాడ దొరకలేదు. వట్టి చేతులతో తిరిగిపోయినచో రాజు బ్రదుకనీయడని యువరాజు ప్రాయోపవేశమునకు కూర్చుండెను. తోడి వానరులును కూర్చుండిరి. హనుమంతుని మాటయు చెవి కెక్కలేదు. అయితే వారు తమ దుఃఖమును దాచుకొనక పైకి చెప్పుకొనిరి. ఆ మాటలలో జటాయువు పేరు సంపాతి చెవిని బడెను. రెక్కలు కాలిన ఆ ముదుసలి పక్షియే సీత యున్న చోటు తెలిపెను.

పరీక్షాఫలితముల దినమున మన పిల్లల స్థితియు నిట్టిదే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పిల్లలు తమ బాధను తరచుగా తండ్రికన్న ముందు తోడివానికే చెప్పుకొందురు. విన్న ఆ పిల్లవానికి తరువాత నేమి చేయవలెనో మన మెన్నడైన నేర్పితిమా?

అమెరికాలో నార్త్ డకోటా యను వ్యవసాయ రాష్ట్రమున 1998లో మార్క్ లోమరే యను నాయన ‘సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్’ అను కార్యక్రమము నారంభించెను. అందు మొదటి మార్కుల వారినే గాక, అన్ని జట్లనుండియు విద్యార్థుల నెన్నుకొని శిక్షణ నిత్తురు. కుటుంబము, స్నేహితులు, ఆటలు, భక్తి, తమ్మాదుకొనిన దేదో వారు తోడివారికి చెప్పుదురు. తాము నమ్మిన పెద్దవా రెవరో గుర్తించుకొందురు. తోడివానిని కాపాడు భారమంతయు పిల్లవానిపై మోపరు. పెద్దవారి యొద్దకు చేర్చుటయే వాని పని. 18 ఉన్నత పాఠశాలలలో 453 మంది విద్యార్థి నాయకులతో చేసిన పరిశోధన 2010లో ప్రకటింపబడినది. పెద్ద పాఠశాలలలో శిక్షణ పొందినవారు, పొందనివారికన్న నాలుగింతలుగా, ప్రాణముపై విసిగిన స్నేహితుని సంగతి పెద్దలకు తెలిపిరట.

మన దేశముననే, బీహారులోని నలందా జిల్లాలో, 74 ప్రభుత్వ పాఠశాలలలో ‘సెహెర్’ అను ప్రయత్నము జరిగెను. విద్యార్థి బృందములు, గోడపత్రిక, కష్టములు వ్రాసి వేయుటకు ఒక పెట్టె అందలి యంగములు. శిక్షణ పొందిన సామాన్యులు దానిని నడపినచోట పిల్లల దిగులును, ఒకరినొకరు ఏడిపించుటయు తగ్గినవని 2018లో తేలినది. ఉపాధ్యాయులే నడపినచోట అట్టి ఫలము కానరాలేదు. ఉపాధ్యాయ మిత్రులు నాపై నలుగరాదు. మార్కులు వేయువారి యెదుట మనసు విప్పుట పిల్లలకు కష్టమని నా తలంపు.

“మా కాలమున ఇవన్నియు నెరుగము” అను పెద్దలు కలరు. ఎవరును చెప్పుకొనలేదు గనుక బాధ లేదనుట, పద్దు వ్రాయలేదు గనుక అప్పు లేదనుట వంటిది.

కావున ఈ గ్రంథాలయమున ఒక గోడపత్రికయు, తాళముగల పెట్టెయు నుంచవలెనని కోరుచున్నాను. నడపువారు విద్యార్థులే. తాళపుచెవి యే పెద్దవారి చేత నుండవలెనో పిల్లలే చీటీలు వ్రాసి నిర్ణయింతురు గాక. ఉత్తరముపై పేరుండ నక్కరలేదు. ప్రాణాపాయపు మాట మాత్రము పెట్టెలో వేసి ఊరకుండరాదు. స్నేహితుడు ఒట్టు పెట్టినను, విన్నవాడు ఆ క్షణమే పెద్దలకు చెప్పవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ మారంభించిన టెలిమానస్ సంఖ్య 14416ను పెట్టెపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోను మాటలాడుదురు.

పెట్టె వెల నా పద్దున వ్రాసికొనుడు.