కంఠాభరణము వంటి సంఖ్య



రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతముల తెలుగు ఇండ్లలో వినవచ్చే ప్రశ్న ఒకటున్నది: "లెక్కలు తెలుగులో నేర్చుకుంటే ఏమి ప్రయోజనము?" 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న మరింత బరువెక్కినది. దానికి ఉపన్యాసము కంటే ఒక సంఖ్య మేలైన సమాధానము.

ఆ సంఖ్య 12345654321. వెయ్యిన్ని రెండు వందల ముప్పది నాలుగు కోట్ల పైచిలుకు. ఎటు నుండి చదివినా ఒక్కటే. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహములో 27994681ని 441చే గుణించి దీనిని రాబట్టినాడు. ఇట్టి లబ్ధములను ఆయన మెడలోని హారములతో పోల్చినాడు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు; తెలుగునకు గణితము నిన్న వచ్చిన చుట్టము కాదు. సంస్కృత మూలమును ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదముతో మదరాసులో 1912లో వెలువరించినారు. అంతకు ముందటి ఏడాదే ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు జిల్లా విడివడినది. పలమనేరు అటు, గుడియాత్తం ఇటు అయినవి. కౌండిన్య నది మాత్రము, నీరున్న ఏడు, అటు నుండి ఇటు పారుతూనే ఉన్నది.

ఇక సంఖ్య లోగుట్టు. 111111ను 111111చే గుణించి చూడవలెను. ఒకే వరుసను ఆరు మార్లు, ప్రతి మారు ఒక స్థానము ఎడమకు జరిపి వ్రాయాలి. కుడి చివర నిలువు వరుసలో ఒక్క 1, ప్రక్కన రెండు, ఆ ప్రక్కన మూడు, నడుమ ఆరు, తిరిగి అయిదు, నాలుగు. గళ్ల లుంగీకి రంగు పోగులు లెక్కించి, సగమునకు చేరి, అదే లెక్కను వెనుకకు త్రిప్పే గుడియాత్తం నేతగానికి ఇది కొత్త కాదు.

మరి 441 ఎక్కడిది? 111111 అనగా 111×1001. అందు 111 అనగా 3×37. 1001 అనగా 7×11×13. వర్గము గనుక ప్రతి ప్రధాన కారణాంకము రెండేసి మార్లు వచ్చును. 3, 7ల లబ్ధము 21. దాని వర్గము 441. మిగిలిన 11, 13, 37ల లబ్ధము 5291. దాని వర్గమే 27994681. ఒక్కొక్క ప్రధాన సంఖ్యను విడువవచ్చును, ఒకమారు గాని రెండుమార్లు గాని తీసుకొనవచ్చును. కావున ఈ సంఖ్యకు మొత్తము కారణాంకములు 3×3×3×3×3, అనగా 243.

తొమ్మిది ఒకట్ల వర్గము దాకా హారము తెగదు: 12345678987654321. బట్టీ పట్టిన బాలుడు పదింటికీ అదే అందము వచ్చునని తలచును. రాదు, 1234567900987654321 వచ్చును. నిలువు వరుసలను స్వయముగా కూడిన బాలిక నడిమి వరుసలో పది ఒకట్లు చూచి, ఆగి, ఇంట మాట్లాడే మాటలోనే కారణము చెప్పగలదు: "సున్న వేసి, ఒకటి చేతిలో."