రాశానని అబద్ధమాడే పెన్‌డ్రైవ్



వేసవి సెలవుల్లో మా హాస్టల్ పిల్లలు ఊళ్లలో మామ్మల దగ్గర కూర్చుని సవర మాటలు, పాటలు రాసుకొచ్చారు. కంప్యూటర్‌లో డేటాబేస్ చేసి, ఆ ఫైలు ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉంచాం. ఒకరోజు తెరిస్తే ఫైలు పాడైందని వచ్చింది. పాటలు చెప్పిన మామ్మల్లో ఒకావిడ అప్పటికే కాలం చేశారు.

ఎందుకిలా అవుతుంది? డేటాబేస్ ప్రోగ్రాం ప్రతి అడుగులో "రాశావా?" అని అడుగుతుంది. నాసిరకం పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు రాయకముందే "రాశాను" అంటాయి. ఆ క్షణంలో కరెంటు పోయినా, మనం పీకేసినా సగం కొత్తది, సగం పాతది మిగులుతుంది. నకిలీవి ఇంకా ఘోరం. పైన 64 జీబీ అని ఉంటుంది, లోపల 8 కూడా ఉండకపోవచ్చు. నిండాక వచ్చింది పారేస్తాయి, లేదా పాతదాని మీదే రాస్తాయి. తప్పు జరిగిందని చెప్పవు.

ఫొటో చెడితే ఒక్క ఫొటోనే పోతుంది. డేటాబేస్‌లో ఒక పేజీ ఇంకో పేజీకి దారి చూపుతుంది. ఆ దారి తెగితే మొత్తం అందకుండా పోవచ్చు.

కాబట్టి కొత్తది కొనగానే పూర్తిగా నింపి, తిరిగి చదివి చూడండి. పని కంప్యూటర్‌లో చేయండి, పెన్‌డ్రైవ్‌లో కాపీ మాత్రమే ఉంచండి. ఇజెక్ట్ నొక్కాకే తీయండి. మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఊళ్లో పెట్టండి. నెలకోసారి తెరిచి చూడండి. కాగితం మీద కూడా అచ్చు తీయండి.

గిడుగు రామమూర్తి గారి సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. దాన్ని ఇవాళ్టికీ చదువుతున్నాం. మీరు సేకరించిన మాట కూడా అన్నాళ్లు నిలవాలి.