పనిముట్టు మన చేతికి నప్పాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాలు ఇప్పటిదాకా విన్నారు. మేము చెప్పబోయేది చిన్న విషయంలాగే ఉంటుంది. పెరటి తోటకు పనిముట్లు ఎట్లా చూసి కొనుక్కోవాలి అన్నది.

మనలో చాలామందిమి కూలికి పోయొచ్చి, పొద్దుగూకేలోపు ఒక అరగంట పెరట్లో గడుపుతాం. నాలుగు గోంగూర మళ్లు, ఒక సొర పాదు, పందిరి మీద చిక్కుడు, వాకిట్లో రెండు బంతి మొక్కలు. ఇది ఎవరో చెయ్యమంటే చేసే పని కాదు, మన ఇష్టం కొద్దీ చేసుకునేది. మరి ఆ అరగంట మన చేతిలో ఉండేది ఏంది? ఇంట్లో మగవాళ్లు అరిగిపోయిందని పక్కన పడేసిన పార, పిడి వదులైన కొడవలి. లేదంటే సంతలో చవగ్గా వచ్చిందని తెచ్చుకున్న రంగు పూసిన రేకు. నడుము నొప్పి, అరచేతిలో బొబ్బలు. కొన్నాళ్లకు తోటే మానేస్తాం. మొక్కల మీద ఇష్టం పోయి కాదు, సరైన పనిముట్టు లేక.

మన అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు పంపే పామాయిల్ తోటల్లో చూడండి. చిన్న చెట్టుకు ఉలితో కోస్తారు, ఎత్తు పెరిగిన చెట్టుకు పొడుగు గడకు కట్టిన కొడవలితో కోస్తారు. చెట్టును బట్టి, మనిషిని బట్టి పనిముట్టు మారుతుంది. కూలి వచ్చే పనికి అంత చూసుకుంటున్నప్పుడు, మన పెరటికి ఏదో ఒకటిలే అని ఎందుకు సర్దుకోవాలి?

మొదటి మాట. సెట్టు కొనొద్దు. పది వస్తువులు ఒక డబ్బాలో పెట్టి తక్కువ ధర అంటారు. అందులో మనం వాడేవి రెండో మూడో. పెరటికి ముఖ్యంగా కావాల్సినవి నాలుగే: కలుపు తీయడానికి చిన్న కుర్పి, ఒక కొడవలి, ఒక తేలికపాటి పార, కొమ్మలు కత్తిరించే కత్తెర. ఇవి కూడా ఒక్కసారే కొనక్కర్లేదు. ముందు రోజూ చేతిలో ఉండేది కొనుక్కోండి, మిగతావి తర్వాత.

రెండో మాట. ధర ఒక్కటే చూడొద్దు, ఎన్నేళ్లు వస్తుందో చూడాలి. వంద రూపాయల కొడవలి ఏటా మార్చాల్సి వస్తే నాలుగేళ్లకు నాలుగు వందలు. రెండు వందల యాభైది నాలుగేళ్లు వస్తే నూట యాభై మిగిలినట్టే. వడ్డీ లెక్కలు వేళ్ల మీద చెప్పే మనకు ఇది పెద్ద లెక్క కాదు.

మూడో మాట. డబ్బులు ఇచ్చే ముందు పరీక్ష చేయాలి. కొడవలిని పిడి దగ్గర వదులుగా పట్టుకుని అలుగు మీద చిన్న ఇనుప ముక్కతో తట్టండి. ఖంగున మోగాలి. బొంగురుగా పలికితే పగులు ఉండొచ్చు, లేదా పిడి వదులై ఉండొచ్చు. అంచు మీద ఆకురాయితో ఒక్కసారి గీయనివ్వమని అడగండి. ఆకురాయి జారితే అలుగు గట్టిది. పొడి ఊరికే రాలిపోతుంటే అది మెత్తటి ఇనుము, పదును నిలవదు. రంగు మందంగా ఉన్న చోట వేలితో తడిమి చూడండి, అతుకులు దాచేది అక్కడే. పిడి మొదట్లో పొన్ను బిగువుగా ఉండాలి. కర్రలో ముడులు ఉండొద్దు, గీతలు నిలువుగా సాగాలి. కత్తెరకు మధ్యలో రివెట్టు కాకుండా బోల్టు ఉన్నది తీసుకోండి. విప్పి సాన పట్టుకోవచ్చు.

నాలుగో మాట, అన్నిటికంటే ముఖ్యమైనది. మన చేతికి నప్పాలి. చిన్న పనిముట్టు పిడిని పిడికిట పట్టుకుంటే బొటనవేలు చూపుడువేలి మీదికి రావాలి. రాకపోతే పిడి మనకు లావు. పారను ఎత్తి దించి చూడండి, పదిసార్లకే భుజం లాగితే అది మన బరువు కాదు. దుకాణంలో నవ్వినా నవ్వనీయండి. కొనేది మనం, నొప్పి పడేదీ మనమే. అందుకే ఇంట్లో వాళ్లతో తెప్పించుకోకుండా మనమే పోయి పట్టుకుని చూడాలి. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ వాళ్లు 'నవీన్' అనే రంపపు పళ్ల కొడవలిని తయారుచేశారు. ఇలాంటి కొడవలి గడ్డికి, వరికి బాగుంటుంది, మాటిమాటికీ సాన అక్కర్లేదు. కొమ్మలు నరకడానికి మాత్రం పనికిరాదు.

మన కొలిమిని కూడా మరిచిపోవద్దు. ఉక్కు మన మాట. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కును ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కత్తుల కోసం కొనుక్కుపోయేవాళ్లు. ఇవాళ కూడా కమ్మరి అన్న పాత లారీ కమాన్ పట్టీతో చేసిచ్చిన కుర్పి ఏళ్ల తరబడి వస్తుంది. మన చేతి కొలత చెప్పి చేయించుకోవచ్చు, మొద్దుబారితే మళ్లీ కాల్పించుకోవచ్చు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కమ్మరి పనివాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు కూడా ఉన్నారు. శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. మన సభ్యుల ఇళ్లల్లో అర్హులు ఉంటే దరఖాస్తుకు అవకాశం ఉందేమో కనుక్కోండి.

కొన్నాక మన వంతు ఉంటుంది. వాడినాక మట్టి దులిపి, తుడిచి, అలుగుకు కాస్త నూనె రాసి పొడి చోట వేలాడదీయండి. పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఇనుము తెగితే పసుపు పెట్టి ఊరుకోవద్దు, కడుక్కుని ఆరోగ్య కేంద్రానికి పోయి ధనుర్వాతం టీకా సంగతి అడగండి.

చివరిగా, వీటి కోసం ఎవరూ అప్పు చేయొద్దు. చిన్నవి ఎవరివి వాళ్లు కొనుక్కుందాం. గడ్డపార, పెద్ద కత్తెర, సానరాయి లాంటివి రోజూ అవసరం పడవు. సంఘంలో తలా కొంత వేసుకుని ఒక్కొక్కటి కొని, ఎవరు తీసుకుపోయారో పుస్తకంలో రాసుకుందాం. వచ్చే నెల సమావేశానికి ప్రతి అక్కా ఇంట్లో వాడే ఒక పనిముట్టు తీసుకుని రండి. పిడి ఎవరికి నప్పుతుందో, అలుగు ఎట్లుందో అందరం కలిసి పట్టి చూద్దాం. కొనబోయేవాళ్లకు అక్కడే తెలిసొస్తుంది.