సొంతూరికి దూరంగా ఒక సంఘం

 

ఈ పట్టభద్రుల సభలో నాగా, మిజో, బోడో, ఖాసీ పిల్లలు మీ పక్కనే కూర్చున్నారు. సొంతూరు వదిలి నగరాలకు వచ్చినవాళ్లు తెగలవారీగా పెట్టుకునే సంఘాల గురించి నాలుగు మాటలు చెబుతాను.

2012 ఆగస్టులో, అస్సాంలోని కోక్రాఝార్‌లో జరిగిన హింస తర్వాత, ఈశాన్యవాసులపై దాడులు జరుగుతాయన్న పుకార్లు ఫోన్లలో బెంగళూరంతా పాకాయి. వేలమంది సిటీ రైల్వే స్టేషన్‌కు పరుగెత్తారు. గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. కేంద్రం మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లను 15 రోజులు నిషేధించింది. మంత్రులూ పోలీసులూ భరోసా ఇచ్చారు. కానీ బెదిరినవాడు ముందు నమ్మేది తన భాషలో ఫోన్ చేసే మనిషిని. అలాంటి మనుషులు దొరికేది సంఘాల్లోనే.

చట్టం కూడా వాళ్లకు పెద్దగా తోడు రాదు. షెడ్యూల్డ్ తెగ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. తెనాలిలో పుట్టి, చిన్నతనంలోనే బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు మెడికల్ సీటు కోసం కోర్టుకెక్కితే, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఆ హోదా మహారాష్ట్రలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణలో ఎస్టీ అయిన లంబాడీ కర్ణాటకలో ఎస్సీ. కొహిమాలో ఎస్టీ అయిన అమ్మాయికి కర్ణాటక రాష్ట్ర కోటాలో ఆ గుర్తింపే లేదు.

ఊళ్లో తగవు తీర్చడానికి పెద్దలుంటారు. నగరంలో ఆ పెద్దరికం సంఘం నడిపే, డిగ్రీ చదివే కుర్రాడి నెత్తిన పడుతుంది. అద్దె ఇల్లు, ఆసుపత్రిలో రక్తం, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, ఒక్కోసారి మృతదేహాన్ని విమానంలో సొంతూరికి పంపడం, అన్నీ చందా డబ్బులతోనే. బయటివాళ్లకు కనిపించేది మాత్రం పండుగనాటి నృత్యం, ఫోటోలు. అందరూ సంఘంలో చేరరు కూడా. సొంతవాళ్ల ఆరాలు తప్పించుకోవడానికే నగరానికి వచ్చినవాళ్లుంటారు, అది వాళ్ల ఇష్టం. ఒక తెగకే రెండు సంఘాలుంటే నవ్వకండి, ఆ విద్యలో మన తెలుగువాళ్లను మించినవాళ్లు లేరు!

సంఘాలు పెట్టుకుంటారు కాబట్టి ఈ పిల్లలు నగరంలో కలవరన్నది మనం తేలిగ్గా అనేసే మాట. అది ఎంత తప్పో అమెరికాను చూస్తే తెలుస్తుంది. 1950లలో అక్కడి ప్రభుత్వం ఆదివాసులను, వాళ్లకు కేటాయించిన ప్రాంతాలైన రిజర్వేషన్ల నుంచి నగరాలకు తరలివెళ్లేలా ప్రోత్సహించింది, అక్కడి జనంలో కరిగిపోతారనే లెక్కతో. చికాగో చేరిన వేర్వేరు తెగలవాళ్లు 1953లోనే కలిసి అమెరికన్ ఇండియన్ సెంటర్ పెట్టుకున్నారు. అది నగరం నుంచి దాక్కోవడం కాదు, నగరంలో నిలదొక్కుకోవడం.

అయినా సంఘం ఉంది కదా అని మనం చేతులు దులుపుకోలేం. 2014లో ఢిల్లీలో దాడికి గురై అరుణాచల్ విద్యార్థి నిడో తానియా మరణించాకే, ఈశాన్యవాసుల సమస్యలను పరిశీలించే బెజ్‌బరువా కమిటీ పుట్టింది. మీలో అద్దెకివ్వడానికి ఇళ్లున్న కుటుంబాలవాళ్లు ఉన్నారు. ఒక్క గది కోసం ఈ పిల్లలు సంఘం నంబరు ఎందుకు వెతుక్కోవాల్సి వస్తోందో ఈ రాత్రి మీ ఇంట్లో అడగండి.