పొద్దున మోడమే లేదు



హిందూపురంలో నేను తొమ్మిదో తరగతి చదివే ఏడు, పీకి చేలో ఆరబెట్టిన మా చెనిక్కాయ ఒక సాయంత్రం గాలివానకు తడిసిపోయింది. "పొద్దున మోడమే లేదు కదప్పా" అన్నాడు మా నాయన. ఇంజనీరునై ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేటప్పుడు ఆ మాట ఎన్నోసార్లు గుర్తొచ్చింది. చూసే వేళ తప్పితే ఉపగ్రహం కూడా మా నాయన లాగే మోసపోతుంది.

మనం పెనుకొండ కొండను రెండు రకాలుగా చూశాం. ధర్మవరం వెళ్లే రైల్లోంచి దగ్గరగా, క్షణం సేపు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం ఆ రైలు ప్రయాణికుడు. ఉదయం 10.30కు వచ్చేది మళ్లీ రాత్రి 10.30 ప్రాంతంలోనే వస్తుంది. మన ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే కమ్ముకుంటాయి. అది పోయాక పుట్టి, వచ్చేలోగా కురిసిపోయిన వాన దాని లెక్కలో ఉండదు. ఏళ్ల తరబడి అలాగే సగటు కడితే సీమ వాతావరణం గురించే తప్పు తెలుస్తుంది.

రెండోది, కొండెక్కి రోజంతా చూడటం. భూమధ్యరేఖపై సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే ఇన్సాట్ ఆ కాపలాదారు. దూరం కాబట్టి వివరం తక్కువ, కానీ కన్ను మూయదు. 82 డిగ్రీల తూర్పున ఇన్సాట్-3డీ, 74 డిగ్రీల తూర్పున 3డీఆర్ అరగంటకోసారి తీసే చిత్రాలను వంతులవారీగా సర్ది, 15 నిమిషాలకోసారి మేఘాలను చూశారు.

ఈ రెంటికీ మధ్య దారి 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత్–ఫ్రాన్స్ ఉపగ్రహం మేఘా-ట్రాపిక్స్. దాని కక్ష్యను 20 డిగ్రీల వాలులో పెట్టారు. అందుకే 14 డిగ్రీల దగ్గరున్న మన మూడు ఊళ్లనూ రోజుకు పలుమార్లు, వేర్వేరు వేళల్లో చూడగలిగింది.

అయినా పైనుంచి కనిపించేది మేఘం. నేల మీద ఎంత పడిందో నేలే చెప్పాలి. వానమాపకంలో నీటిని ఉదయం 8.30కు కొలవడం వాతావరణ శాఖ పద్ధతి. దానివల్ల ఎంత కురిసిందో తెలుస్తుంది, ఎప్పుడు కురిసిందో తెలియదు. కళ్లంలో కాయ ఉన్న రైతుకూ, మగ్గం గుంతలో నీళ్లూరే ధర్మవరం నేతన్నకూ ఆ వేళే ముఖ్యం.

అందుకే ఈ స్వర్ణోత్సవం గుర్తుగా బడిలో ఒక వానమాపకం పెడదాం. ఖర్చు నాది. పిల్లలు చేయవలసింది ఒక్కటే: వాన మొదలైన వేళ, ఆగిన వేళ నోటుబుక్కులో రాయడం. సెలవు రోజుల్లో కూడా.